ఫీజు కట్టింది ఎవరు, కాగితం ఎవరి పేరు మీద?

జూన్, జూలై వచ్చాయంటే విశాఖలో ఏ ఇంటికెళ్లినా రెండే మాటలు: సీటు ఎక్కడొచ్చింది, ఫీజు ఎంత. ఈసారి ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ ఫీజు గురించే. కట్టిన డబ్బుకి పన్నులో ఎంత తగ్గుతుంది, తగ్గితే ఎవరికి తగ్గుతుంది అని అడిగారు. కొందరి పిల్లలు ఇక్కడే మధురవాడ, గాజువాక వైపు చదువుకుంటున్నారు, కొందరి పిల్లలు టెక్సస్‌లో ఉన్నారు. రెండు దేశాల రూల్స్‌కి పొంతన లేదు కానీ, అడిగిన ప్రతి ఒక్కరినీ నేను తిరిగి అడిగింది మాత్రం ఒకటే: డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లింది, కాగితం మీద ఎవరి పేరుంది? పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఉండే పేట మాత్రమే రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి బీటెక్ ఇక్కడే చేసి, 2023 ఆగస్టులో ఎఫ్‌-1 వీసా మీద ఎమ్మెస్‌కి టెక్సస్ వెళ్లాడు. 2024 వేసవిలో ఇంటర్న్‌షిప్ చేస్తే 12,000 డాలర్లు వచ్చాయి. రూమ్మేట్లు చెప్పారని ఏదో సాఫ్ట్‌వేర్‌లో తనే రిటర్ను వేశాడు. కాలేజీ ఫీజు చూపించాడట, జీతంలో కోసిన పన్ను మొత్తం వెనక్కి రావడమే కాక ఇంకో 1,000 డాలర్లు అదనంగా పడ్డాయి. ఇప్పుడు వాళ్ల సీనియర్ ఒకరు అది తప్పు, ముందుముందు ఇబ్బంది అవుతుంది అన్నారట. మా ఆవిడకీ నాకూ నిద్ర లేదు. ఏం చేయాలి? (గాజువాక)

జవాబు: ముందు స్థిమితపడండి. ఇది సరిదిద్దుకోగలిగిన తప్పే, పైగా సరిదిద్దుకునే క్రమంలో మీ అబ్బాయికి రావాల్సిన డబ్బు కూడా ఒకటి బయటపడేలా ఉంది, అది చివర్లో చెప్తాను.

మీ అబ్బాయి తీసుకున్నది అమెరికన్ ఆపర్చునిటీ ట్యాక్స్ క్రెడిట్. కట్టిన ఫీజులో మొదటి 2,000 డాలర్లకు పూర్తిగా, ఆ తర్వాతి 2,000కు నాలుగో వంతు, అంటే ఏడాదికి గరిష్ఠంగా 2,500 డాలర్లు పన్నులోంచి నేరుగా తగ్గిస్తారు. కట్టాల్సిన పన్నే లేకపోతే అందులో 40 శాతం, అంటే 1,000 డాలర్ల వరకు చేతికిస్తారు. మీ వాడికి అదనంగా పడిన 1,000 సరిగ్గా అదే.

అది అతనికి ఎందుకు రాదో రెండు కారణాలున్నాయి. ఆ క్రెడిట్ ఇంటర్ తర్వాతి మొదటి నాలుగేళ్ల చదువుకి మాత్రమే, మీ అబ్బాయి ఆ నాలుగేళ్లు బీటెక్‌లో పూర్తి చేసేశాడు, ఎమ్మెస్‌కి అది వర్తించదు. రెండోది ఇంకా పెద్దది. ఎఫ్‌-1 మీద వెళ్లిన విద్యార్థిని మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అక్కడి పన్ను చట్టం నాన్ రెసిడెంట్‌గానే, అంటే అక్కడి నివాసి కానట్టుగానే చూస్తుంది. ఆగస్టులో దిగినా డిసెంబర్‌లో దిగినా ఆ ఏడాది ఒకటి కిందే లెక్క, కాబట్టి మీ వాడికి 2023 నుంచి 2027 దాకా అన్నమాట. ఈలోపు హెచ్‌-1బీ వస్తే లెక్క మారుతుంది, అది వేరే సంగతి. నాన్ రెసిడెంట్ వేయాల్సింది 1040-ఎన్‌ఆర్ అనే రిటర్ను, దానితో పాటు 8843 ఫారం. ఆ రిటర్నులో చదువు క్రెడిట్లు ఉండవు. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అని ఇంకోటి ఉంది, ఎమ్మెస్‌కి కూడా ఇస్తారు, కానీ అది కూడా నాన్ రెసిడెంట్‌కి రాదు. మన పిల్లలు ఎక్కువగా ఎక్కడ పొరపాటు పడుతున్నారంటే, అక్కడ అందరూ వాడే సాఫ్ట్‌వేర్లు చాలావరకు రెసిడెంట్ల రిటర్నుకి తయారుచేసినవి. 'మీరు రెసిడెంటేనా' అన్న చోట అవునని ఒక్క టిక్కు పెట్టేస్తే మిగతాదంతా అదే నింపుకుపోతుంది. కాలేజీ జనవరి ఆఖరుకి 1098-టి అనే కాగితం ఇస్తుంది, అందులో ఒకటో గడిలో కట్టిన ఫీజు ఉంటుంది. ఆ కాగితం చేతికొచ్చింది కాబట్టి క్రెడిట్ నాదే అనుకుంటారు. అది ఫీజు కట్టినట్టు చెప్పే కాగితమే గానీ, అర్హత ఉందని చెప్పే కాగితం కాదు.

ఇప్పుడు చేయాల్సింది: 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో పాటు సరైన 1040-ఎన్‌ఆర్ జతచేసి పంపి, ఆ 1,000 డాలర్లు వడ్డీతో కలిపి కట్టేయడం. నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. తనంతట తాను సరిచేసుకోవడానికీ, వాళ్లు పట్టుకున్నాక కట్టడానికీ చాలా తేడా ఉంది. రూల్స్ పట్టించుకోకుండా నిర్లక్ష్యంగా ఈ క్రెడిట్ తీసుకున్నారని తేలితే 2 ఏళ్లు, మోసం చేశారని తేలితే 10 ఏళ్లు దాన్ని మళ్లీ తీసుకోనివ్వరు. రేపు పెళ్లై, అక్కడే స్థిరపడి, వాళ్ల పిల్లలు కాలేజీకొచ్చినప్పుడు నిజంగా అవసరమయ్యేది అదే.

జీతంలో కోసిన ఫెడరల్ పన్ను కూడా పోతుందేమో అని మీ భయం కావచ్చు. పోదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో 21వ ఆర్టికల్ కింద మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం ఉంది, వేరే దేశాల పిల్లలకు చాలామందికి లేని సౌకర్యం అది. 2024కి అది 14,600 డాలర్లు. మీ వాడి సంపాదన 12,000, కాబట్టి నిజాయితీగా ఎన్‌ఆర్ రిటర్ను వేసినా పన్ను సున్నాయే, కోసినదంతా ఎటూ తిరిగొచ్చేదే.

ఇక ముందు చెప్పిన ఆ డబ్బు. ఇంటర్న్‌షిప్ జీతం స్లిప్పు తీసి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని (అక్కడి పెన్షన్, వైద్య పథకాల కోసం) రెండు కోతలు ఉన్నాయేమో చూడమనండి. ఎఫ్‌-1 మీద నాన్ రెసిడెంట్‌గా ఉన్న విద్యార్థి నుంచి ఆ రెండూ కోయకూడదు. కోసి ఉంటే 7.65 శాతం, 12,000 మీద 918 డాలర్లు. ముందు ఆ కంపెనీనే అడగాలి, వాళ్లు ఇవ్వకపోతే 843 ఫారం, 8316 ఫారం కలిపి పన్ను శాఖకు పంపాలి. దీనికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దని చెప్పండి. రాని క్రెడిట్ కోసం టెన్షన్ పడుతున్న పిల్లలు, న్యాయంగా రావాల్సిన ఈ డబ్బుని అడగకుండా వదిలేయడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ప్రశ్న: స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు 20 ఏళ్లుగా అమెరికాలోనే ఉన్నారు, మనవరాలు అక్కడే పుట్టింది, ఈ ఆగస్టులో డిగ్రీలో చేరుతుంది. మొదటి ఏడాది ఫీజు తాతగా నేను కడతానన్నాను. మా అల్లుడుగారు 'వద్దు మావయ్యగారూ, మీరు కడితే మాకు ట్యాక్స్ క్రెడిట్ పోతుంది' అంటున్నారు. నిజమేనా? నాకు ఇక్కడేమైనా మినహాయింపు వస్తుందా? (కూర్మన్నపాలెం)

జవాబు: క్రెడిట్ పోదు, మీ అల్లుడుగారికి ఈ మాట ధైర్యంగా చెప్పండి. మూడో మనిషి ఎవరైనా ఫీజుని నేరుగా కాలేజీకి కడితే, అది విద్యార్థే కట్టినట్టు లెక్క. ఆ విద్యార్థిని తల్లిదండ్రులు తమ రిటర్నులో డిపెండెంట్‌గా, అంటే తమ మీద ఆధారపడిన మనిషిగా చూపిస్తే, ఆ ఫీజు వాళ్లే కట్టినట్టు లెక్క. కాబట్టి మీరు వేసిన డబ్బు మీద క్రెడిట్ మీ అమ్మాయి, అల్లుడి రిటర్నులోకే వెళ్తుంది. 2,500 పూర్తిగా రావడానికి 4,000 డాలర్ల ఖర్చు చూపిస్తే చాలు. ట్యూషన్, తప్పనిసరి ఫీజులతో పాటు కోర్సుకి కావాల్సిన పుస్తకాలు బయట ఎక్కడ కొన్నా ఈ క్రెడిట్‌లో కలుస్తాయి, ఆ బిల్లులు దాచమనండి. హాస్టల్, భోజనం, ఇన్సూరెన్స్ మాత్రం కలవవు.

అసలు వాళ్లు చూసుకోవాల్సింది మీ డబ్బు సంగతి కాదు, వాళ్ల ఆదాయం సంగతి. ఇద్దరూ కలిపి రిటర్ను వేస్తే ఏడాది ఆదాయం 1,60,000 డాలర్లు దాటాక క్రెడిట్ తగ్గుతూ వచ్చి 1,80,000 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఈ గీత ఎప్పుడో దాటేసి ఉంటారు. విడివిడిగా రిటర్ను వేసి తప్పించుకుందామంటే కుదరదు, అలా వేసే దంపతులకు ఈ క్రెడిట్ అసలే లేదు. ఆదాయం దాటిపోయిన ఇంట్లో ఒక దారి ఉంది: తల్లిదండ్రులు పాపని డిపెండెంట్‌గా చూపించడం మానుకుంటే, పాప తన సంపాదన మీద పన్ను ఉన్నంత మేరకు తనే క్రెడిట్ తీసుకోవచ్చు. అందులో చేతికొచ్చే భాగం ఉండదు, డిపెండెంట్‌గా చూపడం వల్ల వాళ్లకొచ్చే వేరే లాభం కూడా పోతుంది, కాబట్టి రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి. ఇంకొక చిన్న సంగతి, జనవరి నుంచి మార్చి లోపు మొదలయ్యే టర్ముకి డిసెంబర్‌లోనే ఫీజు కట్టేస్తే అది కట్టిన ఏడాదిలోనే లెక్కకొస్తుంది. మొదటి ఏడాది ఒకే టర్ము ఉండే పిల్లలకి ఇది బాగా పనికొస్తుంది.

మీకు ఇక్కడ ఏమీ రాదు. మన ఆదాయపు పన్ను చట్టంలో పొదుపులకీ, పిల్లల ఫీజుకీ మినహాయింపు ఇచ్చే 80సీ సెక్షన్ కింద ట్యూషన్ ఫీజు అంటే భారతదేశంలో ఉన్న సంస్థకి, సొంత పిల్లల కోసం కట్టినదే. మనవరాలూ కాదు, అమెరికా కాలేజీ కూడా కాదు. మీరు ఇచ్చేది ప్రేమతో ఇస్తున్నారు కాబట్టి మినహాయింపు లేకపోవడం మిమ్మల్ని ఆపదు అనుకుంటాను. డబ్బు మాత్రం అమ్మాయి ఖాతాలో వేయకుండా నేరుగా కాలేజీకి పంపండి, ఎవరు ఎవరికి కట్టారన్నది కాగితం మీద స్పష్టంగా ఉంటుంది.

ప్రశ్న: మేము భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగస్తులం, ఆయన జీతం ఏడాదికి 16 లక్షలు, నాది 9 లక్షలు. ముగ్గురు పిల్లలు: ఒకరు ఇంజనీరింగ్, ఒకరు ఇంటర్, చిన్నది తొమ్మిదో తరగతి. ఇద్దరు పిల్లలకే ఫీజు మినహాయింపు అంటున్నారు, మూడో పిల్ల ఫీజు ఎలా చూపించాలి? పెద్దవాడి కాలేజీ రసీదు ఫొటో పంపుతున్నాను, ఇందులో ఎంత చూపించొచ్చు? (మురళీనగర్)

జవాబు: మీ రసీదు చూశాను. లేత నీలం కాగితం, అడుగున కాలేజీ ముద్ర సగం పడి సగం పడలేదు. ట్యూషన్ ఫీజు 62,000, డెవలప్‌మెంట్ ఫీజు 8,000, స్పెషల్ ఫీజు 5,500, బస్సు 32,000, మొత్తం 1,07,500. ఇందులో 80సీకి పనికొచ్చేది మొదటి వరస, ఆ 62,000 ఒక్కటే. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్ చెల్లవని చట్టంలోనే ఉంది. బస్సు, హాస్టల్ రావు. ట్యూషన్ అనే మాట లేని అంకెని నేనైతే కలపను. రెండోవాడి ఇంటర్ కాలేజీ మొత్తం ఒకే అంకె వేసి ఇచ్చిందన్నారు కదా, ఆఫీసుకెళ్లి విడివిడిగా రాసిన రసీదు అడగండి, అడిగితే ఇస్తారు. ఎంట్రన్స్ కోచింగ్‌కి వేరే సంస్థలో కట్టింది ఫుల్‌టైమ్ చదువు కిందకి రాదు. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చిన భాగం ఉంటే అదీ మీరు కట్టినట్టు కాదు.

ఇద్దరు పిల్లలన్న హద్దు ఇంటికి కాదు, పన్ను కట్టే ఒక్కో మనిషికి. ఆయన ఇద్దరివి, మీరు మూడోదానివి చూపించుకోవచ్చు, ఎవరి ఖాతా నుంచి కట్టిన ఫీజు వాళ్లే చూపించాలి.

కానీ అమ్మా, మీరు ఈ రసీదుల కోసం మూడు కాలేజీలు, స్కూళ్ల చుట్టూ తిరిగేముందు ఒక లెక్క చూడండి. ఈ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో జీతం 12,75,000 దాకా ఉన్న ఉద్యోగికి పన్ను లేదు. అంటే మీ 9 లక్షలకి ఏ రసీదూ అక్కర్లేకుండానే సున్నా. మీ వారి 16 లక్షలకి కొత్త విధానంలో సెస్సుతో కలిపి 1,13,100 అవుతుంది. అదే పాత విధానంలో 80సీ లక్షన్నర నిండుగా చూపించినా 2,41,800. పోనీ ఇంటి లోను వడ్డీ 2 లక్షలు కూడా ఉందనుకుందాం, అప్పుడూ 1,79,400. ఎటు చూసినా కొత్తదే తక్కువ. పైగా ఆ లక్షన్నరలో పీఎఫ్, ఎల్‌ఐసీ, ఇంటి లోను అసలు అన్నీ కలిపే ఉంటాయి, చాలామంది ఉద్యోగులకి పీఎఫ్‌తోనే అది సగం పైన నిండిపోతుంది, ఫీజుకి చోటే మిగలదు. కాబట్టి మీ ఇంటి వరకు ఫీజు రసీదులతో పన్ను పని లేదు. ఆఫీసులో 'ఫీజు రసీదులు ఇవ్వండి' అంటారు కాబట్టి ఇవ్వాలేమో అని ఏటా ఇలా ఎంతమంది తిరుగుతున్నారో! 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, 80సీ అందులో 123వ సెక్షన్ అయింది. ఫారాల్లో ఆ నంబరు కనిపిస్తే కంగారు పడకండి.

ప్రశ్న: నా జీతం 20 లక్షలు. బాబు కెనడాలో పీజీ చేస్తున్నాడు, 30 లక్షల ఎడ్యుకేషన్ లోను వాడి పేరు మీద ఉంది, నేను కో-అప్లికెంట్‌ని. ఈఎంఐ నా జీతం ఖాతా నుంచే వెళ్తోంది, ఈ ఏడాది వడ్డీ 3,15,000. నేను చూపించొచ్చా? ఇంటి లోను కూడా ఉంది. (పెందుర్తి)

జవాబు: మీరు లోనులో సహ రుణగ్రహీతగా సంతకం చేసి, వడ్డీ మీ ఆదాయం నుంచి కడుతున్నారు కాబట్టి చదువు లోను వడ్డీకి మినహాయింపు ఇచ్చే 80ఈ సెక్షన్ కింద మీరు చూపించుకోవచ్చు. ఒట్టి గ్యారంటర్ అయితే కుదరదు, కాబట్టి మంజూరు పత్రం తీసి అందులో మిమ్మల్ని ఏమని రాశారో ఒకసారి చూసుకోండి. విదేశంలో చదువైనా పర్వాలేదు. వడ్డీకి పైన హద్దు లేదు, అసలుకి మాత్రం మినహాయింపు లేదు. బ్యాంకు దగ్గర వడ్డీ సర్టిఫికెట్ తీసుకోండి. లోను బ్యాంకు నుంచో, గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ నుంచో ఉండాలి. బావమరిది దగ్గర తెచ్చిందీ, బంగారం పెట్టి తెచ్చిందీ ఎంత నిజంగా ఫీజుకే వాడినా ఇందులోకి రావు.

ఇది కూడా పాత విధానంలోనే. మీ విషయంలో మాత్రం పోటీ దగ్గరగా ఉంది. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ లక్షన్నర, ఇంటి లోను వడ్డీ 2 లక్షలు, మీకూ పెద్దవాళ్లైన మీ అమ్మానాన్నలకూ ఆరోగ్య బీమా ప్రీమియం 75,000 నిజంగా కడుతుంటే, పైన ఈ 3,15,000. అన్నీ పోను పాత విధానంలో పన్ను 1,82,520. కొత్తదాంట్లో 1,92,400. పాతదాంట్లో 9,880 రూపాయలు మిగులుతుంది. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా కొత్తదే మేలు. పాతది ఎంచుకుంటే రిటర్ను గడువులోగా వేయాలి, దాటితే ఆ అవకాశం ఉండదు.

లోను తీసుకోబోతున్న మిగతావాళ్ల కోసం ఒక మాట. 80ఈ మినహాయింపు 8 ఏళ్లే, అది మొదలయ్యేది లోను తీసుకున్న ఏడు కాదు, వడ్డీ కట్టడం మొదలెట్టిన ఏడు. చదువు పూర్తయ్యేదాకా కట్టనక్కర్లేని సమయంలో కొందరు నెలకి కొంచెం కొంచెం వడ్డీ కడతారు, అది మంచిదే, వడ్డీ మీద వడ్డీ పెరగదు. కానీ గడియారం ఆ రోజే తిరగడం మొదలవుతుంది. పన్ను మినహాయింపు ఎవరికి బాగా ఉపయోగమో ముందే చూసుకుని, ఎవరు కట్టాలో నిర్ణయించుకోండి.

ప్రశ్న: అబ్బాయి ఫీజు కోసం 2025-26లో సొంత డబ్బు 16 లక్షలు బయటికి పంపితే బ్యాంకు 30,000 అదనంగా తీసుకుంది. ఇది ఛార్జీయా, పన్నా? (సీతమ్మధార)

జవాబు: అది టీసీఎస్, ముందుగా తీసుకున్న పన్ను. ఆ ఏడాది 10 లక్షలు దాటిన భాగం మీద చదువుకైతే 5 శాతం, మీకు 6 లక్షల మీద 30,000. మీ పేరు మీద జమైన పన్నుల వివరాలు చూపే 26ఏఎస్‌లో మీ పాన్ కింద కనిపిస్తుంది, రిటర్నులో చూపిస్తే కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, పన్ను లేకపోతే రీఫండ్ వస్తుంది. రిటర్ను వేయకపోతే అక్కడే ఉండిపోతుంది. మీ ఆదాయం తక్కువ కాబట్టి రిటర్ను అక్కర్లేదని రాశారు, ఈ ఏడాది మాత్రం తప్పకుండా వేయండి. బ్యాంకు ఎడ్యుకేషన్ లోను డబ్బే పంపి ఉంటే ఈ 30,000 తీసుకునేవారే కాదు, 2025 ఏప్రిల్ నుంచి దానికి టీసీఎస్ లేదు. వచ్చే ఏడాది ఫీజుకి లోను తీసుకునే ఆలోచన ఉంటే, పంపేటప్పుడు ఆ మంజూరు పత్రం కాపీ బ్యాంకులో ఇవ్వండి.